పాపిట తీసే ఈటె

రోము ఏలుబడిలోని మా అక్విలేయా పట్నం రేవు వీధిలో కొలిమి నడిపిన ఆడది హిలారా ఒక్కతే. ఒక కమ్మరి దగ్గర తిత్తి ఊదడానికి బానిసగా వచ్చి, చివరికి ఆయనకే భార్య అయింది. ఆయన పోయాక సమ్మెట తనే అందుకుంది. అయినా మగవాళ్లు ఆమెకు మేకులూ సూదులూ తప్ప మరో పని ఇచ్చేవాళ్లు కారు. పక్క కొట్లో తాళ్లు అమ్ముకునే నాకు, ఆమెకు కోపమొచ్చిన రోజు సమ్మెట చప్పుడులోనే తెలిసిపోయేది.

పొలాలున్న ఆసామి కూతురు ఒపియా పెళ్లినాటి పొద్దున వాళ్ల వంటవాడు ఫౌస్టస్ రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, అమ్మాయికి ఫెర్రం కావాలట. వెంటనే రమ్మన్నారు," అని, పూల కోసం అటునుంచి అటే పరుగెత్తాడు.

ఏ ఫెర్రం? మా మాటలో ఇనుమూ ఫెర్రమే, కత్తీ ఫెర్రమే. నాగలి కర్రూ, కత్తెరా, జుట్టు ఉంగరాలు తిప్పే కడ్డీ కూడా అదే. పెళ్లికూతురికి కడ్డీయే అయివుంటుందన్నాను నేను. హిలారాకు నమ్మకం కుదరలేదు. కడ్డీ, చాకు, గొర్రెల ఉన్ని కత్తెర, పట్టకారు, చిన్న సుత్తి, ఆకురాయి బుట్టలో పడేసుకుని బయల్దేరింది. చూడకుండా ఉండలేక నేనూ వెంటపడ్డాను, చేతిలో ఉన్న తాడుచుట్టతోనే.

ఒపియా జుట్టు విరబోసుకుని పీట మీద కూర్చుంది. ఆమె మేనత్త కడ్డీని చూసి పకపకా నవ్వింది.

"ఇలాంటివి మా ఇంట్లో మూడున్నాయే. కావలసింది ఈటె మొన. పాపిట దేంతో తీస్తామనుకున్నావు?"

ఇంట్లో తరతరాలుగా ఉన్న ఈటె మొన తుప్పు పట్టి, పెట్టెలోంచి తీస్తుంటేనే విరిగిందట. ఈటెతో పాపిట తీసి ఆరు పాయలు అల్లితేనే మాలో పెళ్లికూతురు. బయట అప్పుడే చుట్టాలు దిగుతున్నారు.

హిలారా వంటింట్లోకి దూసుకెళ్లింది. ఒకే ఇనప పట్టీని వంచి చేసిన ఉన్ని కత్తెరను ఆ వంపు దగ్గర కాల్చి రెండుగా విరిచింది. ఒక సగాన్ని మళ్లీ పొయ్యిలో పెడితే నేను విసనకర్రతో విసిరాను. రోలు బోర్లించి దాని మీద సాగగొట్టింది. దెబ్బదెబ్బకూ గిన్నెలు గలగలమన్నాయి, చేపల పులుసు ఒలికింది. వంటవాళ్లు పని మానేసి చుట్టూ మూగారు. మొన తేలింది. నీళ్లలో ముంచితే చుయ్యిమంది. రెండంచులూ ఆకురాయితో రుద్ది, తోకను పాత ఈటె కర్ర చీలికలో దిగ్గొట్టి, నా తాడుతో బిగించింది.

మేనత్త మొహం చిట్లించింది. మనిషి నెత్తురు చూసిన ఈటె అయితే మంచిదంటారు, ఇది గొర్రెబొచ్చు తప్ప ఏం చూసిందని గొణిగింది.

"చూడకపోతే ఏమైంది అత్తా? తియ్యి పాపిట. నా కాళ్లు తిమ్మిరెక్కాయి," అంది ఒపియా.

గదంతా నవ్వింది. మొన నుదుటి నుంచి నెమ్మదిగా వెనక్కి సాగుతుంటే హిలారా నా చెయ్యి నలిపేసింది. ఎక్కడా గీత పడలేదు. పాపిట తీగలా నిలిచింది.

సాయంత్రం ఊరేగింపులో పెళ్లికూతురి తల్లి, ముందు నడిచేవాళ్లకిచ్చే దివిటీని హిలారా చేతికి ఇచ్చింది. తన పొలాలకు నాగలి కర్రులన్నీ ఇక హిలారాయే చేస్తుందని తండ్రి అందరి ముందూ అన్నాడు. ఆమెకు వినబడిందో లేదో. అప్పటికే మసి మొహంతో, దివిటీ ఎత్తిపట్టుకుని, పెళ్లి కేకలతో గొంతు చించుకుంటూ అందరికన్నా ముందు పెళ్లికొడుకు ఇంటివైపు పరుగెడుతోంది.