కచేరి దర్వాజ

మా ఊరి పాత తహసీల్ కచేరిని కూల్చినప్పుడు దాని పెద్ద దర్వాజను వేలంలో దక్కించుకున్నది నేనే. టేకు చెక్క, ఇత్తడి బుడిపెలు, చెయ్యెత్తినా అందనంత ఎత్తు ద్వారబంధం. ఇత్తడిని తూకానికి అమ్ముకున్నా పెట్టిన పైసలు తిరిగొచ్చేంత చౌక. మా బజారులో అంత తెలివైన బేరం ఇంకొకరు చేయగా నేను చూడలేదు. అంత దండగ బేరం కూడా చూడలేదు.

దయ్యాలూ గాలులూ నేను నమ్మను. బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని. మా ఇంట్లో ఏ మాటనైనా చీరలాగా వెలుతురులోకి తెచ్చి, పోగు లాగి చూశాకే నమ్ముతారు. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. ఊరి పేరు రాయను, దుకాణం నడవాలి కదా.

మాది పాలమూరు వైపు మెట్ట ఊరు. బయటివాళ్లకు చూపించడానికి మాకున్నవి కొన్నే. నాలుగు ముఖాలతో నాలుగు రకాల టైము చూపించే గడియార స్తంభం, ఒక రాతి కమాను, పాత ముసాఫిర్ బంగ్లా, కచేరి. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా ఊరూ జిల్లా కేంద్రమైంది. పటాకులు కాల్చుకున్నాం. కమానుకు గులాబీ రంగు వేశారు. గడియార స్తంభం చుట్టూ చిన్న పార్కు కట్టారు. కలెక్టరేటు మాత్రం ఊరవతల చేలల్లో లేచింది. ఎన్నో ఏళ్ల కిందటే ఆఫీసు ఎత్తేసి, పైకప్పు కారుతున్న పాత కచేరిని కూల్చేయాలని తేల్చారు. నాలాంటివాళ్లు అయ్యో అన్నారు. అని, సామాను వేలం ఎప్పుడని అడిగారు.

వేలానికి మా బజారులో ఒక పద్ధతి ఉంది. ముందురోజు హోటల్లో చాయ్ దగ్గర కూర్చుని ఎవరికి ఏది కావాలో పంచుకుంటాం. మర్నాడు ఒకడు పాడతాడు, మిగతావాళ్లు మాటవరసకు కొంచెం పెంచి ఆగిపోతారు. దూలాలు సిమెంటు దుకాణం ఆయనకు, షాబాదు బండలు ఫంక్షన్ హాలు ఆయనకు, దర్వాజ నాకు. దుకాణం ముందుభాగం కొత్తగా కట్టిస్తున్నాను. బస్టాండు దగ్గర అద్దాల షోరూములు రెండు వచ్చాయి. వాటి ముందు మా పాత దుకాణం వెలవెలబోతోంది. ఈ దర్వాజ పెడితే పది ఊళ్లవాళ్లు చెప్పుకుంటారని నా ఆశ.

నా భార్య సుజాత ఒక్కటే అడిగింది.

"ఒక జాగల పీకిన దర్వాజ ఇంకో జాగల పెడ్తరా ఎవరన్నా?"

"సర్కారు దర్వాజనే. దానికి శాస్త్రం లేదు," అన్నాను.

మా దుకాణం అంటే మా నాయనే, మేం బాపు అంటాం. పెళ్లి బట్టలకొచ్చిన వాళ్లు గల్లా దగ్గర తెల్ల పరుపు మీద ఆయన కనిపిస్తేనే కూర్చుంటారు. లేకపోతే "పెద్ద సేటు రానీ" అని చాయ్ తాగి వెళ్లిపోతారు. బేరం నాకు నేర్పింది ఆయనే. మొదట చెప్పే ధరలో సిగ్గు ఉండకూడదు, చివర చెప్పే ధరలో అబద్ధం ఉండకూడదు అనేవాడు. షోరూములతో పోటీ పడగల సరుకు మా దగ్గర ఆయనొక్కడే.

ఈ దుకాణం జాగాకు పట్టా కోసం వయసులో ఉన్నప్పుడు బాపు ఆ కచేరి చుట్టూ తిరిగాడు. గడప బయట చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నిలబడాలట. లోపలి నుంచి బంట్రోతు జవాను పేరు పిలిస్తేనే అడుగు పెట్టాలి. పిలవకపోతే మర్నాడు మళ్లీ రావాలి. ఆ కథ నవ్వుతూ చెప్పేవాడు. "సూరత్ సేట్లతోని బేరమాడిన. గా కడప కాడ మాత్రం నాకు నోరు రాలే" అనేవాడు.

వడ్రంగి దర్వాజ నిలబెడుతున్నప్పుడు బాపు వచ్చి చూశాడు. గడపను ఒకసారి చేత్తో తడిమాడు. "మంచి కట్టె" అని ఇంటికి వెళ్లిపోయాడు.

పసుపు రాశాం, తోరణం కట్టాం, కొబ్బరికాయ కొట్టాం. మొదటి వారం చూడటానికే జనం వచ్చారు. ఫొటోలు దిగారు. నేను మీసం దువ్వుకున్నాను. వాళ్లలో లోపలికి వచ్చినవాళ్లు తక్కువని ఆ సంబరంలో గమనించలేదు.

గమనించేలా చేసింది నర్సవ్వ. పక్క ఊరి రైతు కుటుంబం, తన పెళ్లి చీర నుంచి మనుమరాలి లంగా దాకా అన్నీ మా దగ్గరే కొన్నది. బేరంలో నన్ను ఏడిపించిన మనిషి. చీర విసిరికొట్టి, గడియార స్తంభం దాకా నడిచిపోయి, నేను పిలుస్తానని తెలిసి మెల్లగా నడుస్తుంది. ఆ రోజు ఆమె గడప బయట చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని గోడ వారన నిలబడి ఉంది.

"లోపటికి రా నర్సవ్వా, ఎండల నిలవడ్డవేంది?"

"పిలిచినంక వస్త."

"నేను పిలుస్తున్న గద."

"నువ్వు గాదు సేటూ," అంది. హాస్యం కాదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తోంది. కొంతసేపటికి చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ముసలామె, కచేరి చూసిన మనిషి, పాత అలవాటు అనుకున్నాను. అయితే వారంలోనే డిగ్రీ చదివే పిల్లగాడు షర్టు గుడ్డకోసం వచ్చాడు. ఆ కచేరి ఆఫీసు ఎత్తేసే నాటికి వీడు పలక పట్టి ఉండడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు, ఫోను జేబులో పెట్టాడు, బూట్లు విప్పి గోడ వారన నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. ఎందుకట్లా నిలబడ్డావంటే నవ్వాడు.

"ఏమో అన్నా. లోపట సార్ ఉన్నడేమో అనుకున్న."

లోపలికి వచ్చినవాళ్లూ మునుపటిలా లేరు. ధర చెబితే తల ఊపేవారు. ఎవరూ బేరమాడలేదు. నిజం చెప్పాలి, మొదట్లో నాకది పండగే. అడిగినంత ఇచ్చి దండం పెట్టి వెళ్లేవాళ్లు ఏ దుకాణదారుకు చేదు? రెండు నెలలయ్యేసరికి అర్థమైంది, అట్లా కొన్నవాళ్లు రెండోసారి రావడం లేదు. బేరమాడి గెలిచానన్న తృప్తి లేని చీర ఎవరికి గుర్తుంటుంది. బస్టాండు షోరూములకు వెళ్లేవాళ్లు మా ముందు నుంచే, తల దించుకుని వెళ్తున్నారు.

దుకాణం ముందు కెమెరా ఉంది. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక పాత రికార్డింగు తిప్పి చూశాను. వచ్చినవాళ్లందరూ ఒకే గోడ వారన, ఒకరి వెనక ఒకరు, ఎవరూ చెప్పకుండా వరుసకట్టి నిలబడుతున్నారు. అందరి చూపూ దర్వాజ లోపల కుడిపక్క ఒకే చోట ఉంది. అక్కడ మాకు గుడ్డల బీరువా తప్ప ఏమీ లేదు.

అదే రికార్డింగులో నేనూ ఉన్నాను. అన్నం తిని వస్తున్నాను. నేరుగా లోపలికి వచ్చి గల్లా దగ్గర కూర్చున్నానని నాకు బాగా గుర్తు, ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. కెమెరాలో నేను చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని వరుస చివర నిలబడి ఉన్నాను. నా ముందు ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లు వెళ్లిపోయాక కూడా నిలబడే ఉన్నాను. సుజాత బయటికి వచ్చి ఏదో అంటే అప్పుడు కదిలాను.

ఏమన్నావని సుజాతను అడిగాను.

"సొంత దుకాణానికి గిరాకీ లెక్క నిలవడ్డవేంది అన్న. యాదికి లేదా?"

లేదు.

ఇదంతా నేను ఆలస్యంగా లెక్కేసుకున్నాను కానీ, సుజాత లెక్క వేరే. "మామ లోపటికి రాక ఎన్ని దినాలాయె, నీకు ఎరుకనా?" అని అడిగింది. కొత్త దుకాణం సున్నం వాసన పడక రావడం లేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. మళ్లీ రికార్డింగు తిప్పాను. బాపు రోజూ వస్తున్నాడు. షట్టరు తీసి నేను సరుకు సర్దుకునే వేళ వచ్చి, చెప్పులు విడిచి, తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడుతున్నాడు. చాలాసేపు చూసి ఇంటికి తిరిగిపోతున్నాడు. లోపల వెనక్కి తిరిగి తానులు సర్దుతున్న నా వీపు కూడా అందులో కనిపిస్తోంది.

మర్నాడే దర్వాజ పీకించాను. అమ్ముదామంటే ఎవరూ కొనలేదు. చాయ్ దగ్గర పంచుకున్న దోస్తులే "నీ తెలివి నీకే ఉండనీ" అన్నారు. చివరికి ఊరి గుర్తుగా పార్కులో పెడతామని మున్సిపాలిటీవాళ్లు అడిగితే ఊరికే ఇచ్చేశాను. నా జీవితంలో ఊరికే ఇచ్చిన మొదటి వస్తువు అది. అమరవీరుల స్తూపానికి ఎదురుగా, గడియార స్తంభం కింద, వార్నిష్ వేసి నిలబెట్టారు. దానికి గోడల్లేవు, తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పొద్దున నడకకు వచ్చేవాళ్లు దాని పక్క నుంచి చుట్టూ తిరిగి పోతారు. మధ్యలోంచి ఎవరూ పోగా నేను చూడలేదు.

దుకాణానికి మామూలు అద్దాల తలుపు పెట్టాం. నర్సవ్వ తిరిగొచ్చింది. మొదటి రోజే చీర విసిరికొట్టి గడియార స్తంభం దాకా నడిచింది. ఆమెను వెనక్కి పిలుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు ఆమె అడిగిన ధరకే ఇచ్చాను.

బాపు రాలేదు. పొద్దున ఇంట్లోంచి దుకాణానికనే బయలుదేరుతాడు. కమాను దగ్గర మలుపు తిరిగి పార్కుకు పోతాడు. ఆ గోడల్లేని దర్వాజ ముందు చెప్పులు విడిచి నిలబడతాడు. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఏవేవో అడిగాడు, స్కానింగు తీయించాడు. మతిమరుపు లేదన్నాడు. నిజమే, మనుమల పేర్లు, పాత అప్పులు, ఏ ఊరి గుడ్డ ఉతికితే ఎంత ముడుచుకుంటుందో అన్నీ చెబుతాడు. డాక్టరు చొక్కా గుడ్డ పట్టి చూసి, మీరు మోసపోయారని కూడా చెప్పాడు.

రోజూ నేనే వెళ్లి తీసుకొస్తాను.

"దుకాణానికి పోదాం రా బాపూ. పరుపు ఏసి పెట్టిన."

"పిలువనీ రా."

"నేను పిలుస్తున్న గద."

"నువ్వు గాదు బిడ్డా," అంటాడు. విసుగు లేదు, భయం లేదు. సర్కారు పని, జర ఆలస్యమైతది అన్నట్టు నా చెయ్యి తడతాడు. ఎండెక్కాక ఇంటికి వస్తాడు. అన్నం తిని పడుకుంటాడు.

ఎందుకో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లు చాలామంది వచ్చారు. నిమ్మకాయలు కోశారు, తాయెత్తులు కట్టారు. ఎవరి మాటా పోగు లాగితే నిలవలేదు. నేనూ అలసిపోయాను. అడగడం మానేశాను.

ఇక చివరి బిల్లు. వేలంలో చౌకగా కొని మిగుల్చుకున్నది వడ్రంగి కూలికీ, కొత్త అద్దాలకూ సరిపోయింది. పోయిన గిరాకీలో సగానికి పైగా తిరిగొచ్చింది. ఇత్తడి బుడిపె ఒకటి ఊడితే నా దగ్గరే ఉంచుకున్నాను, అదీ జమలో రాసుకోవాలి. గల్లా దగ్గర పరుపు రోజూ దులిపి వేస్తాను, సాయంత్రం నలగకుండానే తీస్తాను. చౌకగా కొన్నానని చెప్పాను కదా మొదట్లో. ఆ మాట కొట్టేయండి. ఆ దర్వాజకు నేనిచ్చిన ధర మా బాపు.