సున్నపు గీత

మొన్న మంగళవారం పొద్దున షాపులో వెల్డింగ్ చేస్తుంటే ఫోన్ వచ్చింది, మా డ్రిల్లు సారు పోయారని. నిద్రలోనే పోయారట. ఉబ్బసంతో ఏళ్ళ తరబడి ఊపిరి కోసం కొట్లాడిన మనిషి ఆఖరికి కొట్లాట లేకుండా పోయారని విని, ఏడుపు కన్నా ముందు మనసు నెమ్మదించింది.

సారు రిటైరై చాలా ఏళ్ళైనా రాయికోడ్ నుంచి మొగుడంపల్లి దాకా ఏ ఊళ్ళో కబడ్డీ పెట్టినా విజిల్ ఆయనదే. సున్నం డబ్బా పట్టుకొని, వంగి, గీత తనే గీసేవారు. "గీత వంకరుంటె తీర్పు గూడ వంకరనే ఉంటది" అనేవారు. ఓడిన జట్టు కూడా ఆయనకు చాయ్ తాగించి పంపేది. అందుకే మా దగ్గర ఏ పంచాయితీ తెగకపోయినా సారు ఇంటికే పోయేవాళ్ళం.

ఈ ఏడు తెగని పంచాయితీ యుద్ధం గురించి. మా అన్న సెంట్రింగ్ పనికి పోయిన దేశంలో సైన్యానికీ, తుపాకులు పట్టిన మిలీషియా దళానికీ నెలల తరబడి నడిచింది. ఆగిన రోజే గెలిచింది మేమేనని ఇద్దరూ చెప్పుకున్నారు. చాయ్ హోటల్లో ఒకడు సైన్యమన్నాడు, విమానాలున్నాయి కాబట్టి. ఇంకొకడు మిలీషియా అన్నాడు, అంత కొట్టినా ఇంకా మిగిలే ఉంది కాబట్టి. ఉన్నమాట చెప్తున్నా, వాళ్ళ గ్లాసులు పగలగొట్టాలనిపించింది. అన్న ఫోన్ కలవక అప్పటికి పదకొండు రోజులు. అమ్మ అన్నం సరిగ్గా ముట్టడం లేదు.

అందరం పోతే సారు ఓపిగ్గా విన్నారు. యుద్ధం మొదట్లో ఎవరేం కావాలన్నారని అడిగితే చెప్పాం. మిలీషియాను లేకుండా చేస్తామంది సైన్యం, చేయలేదు. అంగుళం నేల కూడా ఇచ్చేది లేదంది మిలీషియా. దాని చేతిలోంచి ఊళ్ళకు ఊళ్ళే పోయాయి.

"ఇద్దరు గెలిచినమని చేతులు లేపిన్రు. మరి ఆడినోళ్ళేమైన్రు?" అని సారు నా వైపు తిరిగారు. "మీ అన్న ఫోన్ జేసిండా?"

నాకు మండింది. తీర్పు చేతకాక మా అన్నను నడుమకు తెస్తున్నారా అని అరిచాను. కబడ్డీ నేర్పిన మనిషి మీద. ఆయనకు కోపం రాలేదు.

"కూతకు పోయినోడు గీత దాటి మల్ల ఇటు రావాలె బేటా. గప్పటిదాంక నేను విజిల్ ఎయ్య."

మర్నాడు ఆటోలో వచ్చి, దగ్గుకుంటూనే, మా గడప ముందు సున్నంతో గీత గీసిపోయారు. అమ్మ తప్ప వాడకట్టంతా నవ్వింది.

తొమ్మిది రోజులకు అన్న వచ్చాడు. బొంబాయిలో దిగి బస్సెక్కి, చిరాగ్‌పల్లి దాటుతూ ఎవరి ఫోన్ నుంచో చేశాడు. నేను బండి మీద సారును తీసుకొచ్చాను. అన్న గీత దాటగానే సారు విజిల్ ఊదారు. సగం గాలే వచ్చింది. ఇంతకూ ఎవరు గెలిచినట్టు అని హోటల్లో వాదించినవాళ్ళలో ఒకడు అడిగాడు.

"ఇది ఒక్క పాయింటు. అక్కడి తల్లుల పిల్లలు ఎంతమంది ఇండ్లకొచ్చిన్రో తెల్సినంక మిగిలింది జెప్త."

అప్పుడే ఆయన కాళ్ళు పట్టుకొని తప్పయిందన్నాను. విజిల్ పడ్డాక కొట్లాట ఉండదన్నారు. ఆ మాట అనిపించుకున్నాను కాబట్టి ఇవాళ తల ఎత్తి రాయగలుగుతున్నాను.

మిగిలిన తీర్పు చెప్పకుండానే పోయారు. అన్న, నేను పాడె మోశాం. తిరిగొచ్చేసరికి అమ్మ వాకిలి ఊడుస్తోంది. గీతకు ఇటు ఊడ్చింది, అటు ఊడ్చింది. దాని మీదికి మాత్రం చీపురు పోనియ్యలేదు.