రెడ్‌పైన్ మలుపు దగ్గర నీలం బోర్డు

మా ఊరికి ఏదీ వేళకు రాదు. వసంతం మే నెలాఖరుకి గానీ తొంగి చూడదు. పళ్ళ డాక్టరు వస్తానన్న వారం తప్ప మిగతా వారాలన్నీ వస్తాడు. ఇరవై రెండేళ్ళుగా పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి, ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అలాంటి రెడ్‌పైన్‌కి చెప్పిన రోజుకి, చెప్పిన గంటకి వచ్చిన వస్తువు ఒకే ఒక్కటి. హైవే మలుపు దగ్గర నీలం బోర్డు. దాని మీద ప్లగ్గు బొమ్మ, ఊళ్ళోకి బాణం గుర్తు, 'కార్ల ఛార్జింగు, రెండు కిలోమీటర్లు' అని తెల్లటి అక్షరాలు. హెల్వి కోస్కెలా ప్రాణం తోడేసింది ఆ బోర్డే.

హెల్వికి అరవై తొమ్మిదేళ్ళు. మలుపు దాటాక హైవే పక్కనే పదకొండు గదుల మోటెల్ నడుపుతుంది. ఆమె తాత అడవిలో చెట్లు కొట్టడానికి ఫిన్లాండు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భర్త ఆర్వో పోయిన దగ్గర్నుంచీ గదులు ఊడవడం, చేపల సూప్ కాయడం, వాకిట్లో మంచు తోయడం, సౌనా అనే ఆవిరిస్నానాల గదిలో కట్టెలు ఎగదోయడం అన్నీ ఆమె ఒక్క చేతి మీదే. మాట కరుకు. నవ్వు అరుదు. కానీ ఆ మోటెల్ దీపం ఆరిపోవడం నేనెప్పుడూ చూడలేదు. పక్క ఊరు పడమటికి నూట డెబ్బై కిలోమీటర్లు, తూర్పుకి నూట తొంభై, మధ్యలో సుపీరియర్ సరస్సు, అడవి, ఈ ఊరు. ఈ రోడ్డు మీద చలికి ఎవరూ చావకూడదన్నది ఆమె పట్టు. దేవుడి గురించి కూడా అంత పట్టుదలగా మాట్లాడగా వినలేదు.

రెండేళ్ళ కిందట సెప్టెంబరులో ఛార్జర్లు లారీలో దిగాయి. రెండు. ఛార్జర్ల కంపెనీ వాళ్ళు వాటిని మంచు హాకీ మైదానం వెనక సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, నల్ల ప్లాస్టిక్కు చుట్టి, తాళ్ళతో ముడుల మీద ముడులు బిగించి వెళ్ళిపోయారు. కరెంటు స్తంభం అక్కడికి ముప్పై అడుగులు. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పని అయిపోయినట్టే. ఆ ఉత్సాహంలో మా మేయరు రోజేర్ బెలీల్ రోడ్ల శాఖ చుట్టూ తిరిగి అక్టోబరుకల్లా బోర్డు పాతించేశాడు.

"ముందు బోర్డు పడనీ, కరెంటు దాని వెనకాలే వస్తుంది," అన్నాడు హెల్వి దగ్గర కాఫీ తాగుతూ.

"వంట మొదలెట్టకుండానే విస్తళ్ళు వేశావా ఏమిటయ్యా?"

"నీకన్నీ అనుమానాలే హెల్వీ. క్రిస్మస్‌కి వెలుగుతాయి చూడు."

క్రిస్మస్‌కి వెలగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ల కొరత ఉందని ఉత్తరం వచ్చింది. మేలో ఇంకో ఉత్తరం. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిందట, కానీ అది మాకు కావలసిన సైజు కాదట. ఆగస్టులో కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది, ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి. రాసుకునేసరికి నేల గడ్డకట్టింది, గుంత తవ్వడం వచ్చే మే తరవాతే. ఈ ఉత్తరాలన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. అన్నిటి చివరా ఒకటే వాక్యం: మీ సహనానికి ధన్యవాదాలు.

"నాకు సహనం ఉందని వీళ్ళకి ఎవడు చెప్పాడు, ఎల్డన్?" అని కిటికీ దగ్గర నిలబడి నా మీద అరిచేది హెల్వి, ఆ ఉత్తరాలు నేనే రాసినట్టు. "ఎవరు చెప్పారో కనుక్కో. వాడి నోట్లో మంచు కూరతా."

ఈలోగా బోర్డు చూసి కరెంటు కార్లు వస్తూనే ఉన్నాయి. ఫోన్‌లో మ్యాపు కూడా ఛార్జర్ ఉందనే చెప్పేది. చలికి బ్యాటరీ సగానికి సగం పడిపోతుంది. రెడ్‌పైన్‌లో నింపుకోవచ్చని ధైర్యం చేసి వచ్చినవాడు నల్ల ప్లాస్టిక్కు ముందు నిలబడి తల పట్టుకునేవాడు. ముందుకీ పోలేడు, వెనక్కీ పోలేడు. చివరికి ఎలాగో మోటెల్ చేరేవాడు. మా వైపు చలికాలంలో ప్రతి బండి ముందూ ఒక తీగ వేలాడుతూ ఉంటుంది. దాన్ని ప్లగ్గులో పెడితే ఇంజిన్ వెచ్చగా ఉండి పొద్దున్నే స్టార్టవుతుంది. అందుకని మోటెల్‌లో ప్రతి గది ముందూ ప్లగ్గు ఉంది. కార్లకి ప్లగ్గు పెట్టడం మాకు ఇప్పుడు కొత్తగా నేర్పుతున్నారా అని మొదట్లో ఊరంతా నవ్వుకుంది. ఆ ప్లగ్గుతో ఇంజిన్ వెచ్చబడుతుంది గానీ కారు బ్యాటరీ నిండాలంటే రెండు పూర్తి రోజులు పడుతుందని తెలిశాక నవ్వడం మానేశాం.

"నీకు మంచి బేరమే కదా, ఒక్కొక్కడూ రెండేసి రోజులు," అని రోజేర్ ఒకసారి నోరు జారాడు. హెల్వి అతని ముందున్న కాఫీ కప్పు తీసి సింకులో పారబోసింది. మళ్ళీ పోయలేదు.

మొదటి చలికాలం, జనవరిలో, క్లెమ్, వినిఫ్రెడ్ అనే ముసలి దంపతులు విన్నిపెగ్ నుంచి కూతురి దగ్గరికి పోతూ బోర్డు చూసి మలుపు తిరిగారు. మధ్యాహ్నం మూడున్నర. మైనస్ ముప్పై నాలుగు డిగ్రీల చలి. బ్యాటరీ మూడు శాతం. మైదానం మూసి ఉంది, మనిషన్నవాడు లేడు. ప్లాస్టిక్కు విప్పితే పనిచేస్తుందేమో అనుకున్నాడు పెద్దాయన. చేతి తొడుగులతో ముడులు రావడం లేదని తొడుగులు తీసేశాడు. పది నిమిషాలో, పావుగంటో ఆ గడ్డకట్టిన తాళ్ళతో కుస్తీ పట్టాడు. లోపలి ఛార్జర్ గుడ్డిగా చూస్తోంది. తిరిగి హైవే వైపు బయలుదేరారు, దారిలోనే కారు చచ్చింది. మిగతా కిలోమీటరు ఒకరినొకరు పట్టుకుని మోటెల్ దీపం చూసుకుంటూ నడిచారు.

గోరువెచ్చని నీళ్ళలో ఆయన చేతులు పెట్టి హెల్వి గంటసేపు అలాగే కూర్చుంది. కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు పోయాయి. ఆయన పియానోలు శ్రుతి చేసే మనిషట.

"తప్పు నాదేనమ్మా, తొడుగులు తీయకుండా ఉండాల్సింది," అన్నాడట ఆయన, ఆమెకి క్షమాపణ చెబుతున్నట్టు.

ఆ మాటకి హెల్వి ఏడ్చింది. ఆర్వో పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. మర్నాడు పొద్దున్న ట్రక్కులో నిచ్చెన వేసుకెళ్ళి నీలం బోర్డుకి నల్ల చెత్తసంచి తొడిగి, టేపుతో చుట్టేసింది. రోడ్ల శాఖ రెండు రోజుల్లో వచ్చి సంచి తీసేసింది. మళ్ళీ తొడిగింది. మళ్ళీ రెండు రోజులు. మూడోసారి హెచ్చరిక ఉత్తరం కూడా వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ తేవడానికి ఏళ్ళు పట్టేవాళ్ళకి సంచి తీయడానికి ఎక్కడలేని చురుకు ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకే ఒళ్ళు మండిపోయింది, ఆమె సంగతి చెప్పాలా?

పోస్టాఫీసు ఫోన్‌లోంచే ఆ శాఖకి మాట్లాడింది.

"అమ్మా, బోర్డు ముట్టుకోవడం నేరం," అంది అవతలి మనిషి. "తీయించాలంటే దరఖాస్తు పెట్టుకోండి. కారణం స్పష్టంగా రాయండి."

"కారణం కావాలా? రెండు వేళ్ళు పంపమంటావా కవర్లో పెట్టి?"

"ఒక పేజీ మించకుండా రాయండమ్మా."

రాసింది. 'ఛార్జర్ పనిచేయడం లేదు. బోర్డునీ మ్యాపులో గుర్తునీ తీసేయండి.' నేనే ముద్ర వేసి రిజిస్టరు చేశాను. ఫిబ్రవరి తొమ్మిదో తారీఖు. జవాబు లేదు. ఇంకోటి రాసింది. అందిందని ఒక చీటీ వచ్చింది, చివర్లో ఆ పాత వాక్యమే.

రెండో చలికాలమంతా హెల్వి రోజూ మూడింటికి ట్రక్కు వేసుకుని హాకీ మైదానం వెనక్కి వెళ్ళి చూసి వచ్చేది. ప్లాస్టిక్కు మీద తెల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది: 'పనిచేయదు. మోటెల్‌కి రండి. చేతి తొడుగులు తీయకండి.' జ్వరం వచ్చిన రోజు నన్ను పంపింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ప్రభుత్వం, కంపెనీ, కరెంటు సంస్థ ముగ్గురూ కలిసి చేయలేని పని రోజూ ఒక్కతే చేసింది. ఆ చలికాలం ఎవరి వేళ్ళూ పోలేదు.

ఈ నవంబరులో, ఒక గురువారం నాడు, ఛార్జర్లు వెలిగాయి. ముప్పై అడుగుల తీగ లాగే పని మధ్యాహ్నం భోజనం వేళకి ముందే అయిపోయింది. రిబ్బను, కేకు, రోజేర్ ఉపన్యాసం. హెల్వి తన ట్రక్కులో కూర్చునే ఉంది. మొదటి కారుకి ప్లగ్గు పెట్టి పచ్చదీపం వెలిగాక దిగి వచ్చి, ఛార్జర్‌ని అరచేత్తో ఒకసారి తట్టి వెళ్ళిపోయింది. ఆమె ముఖం తేరుకోవడం అప్పుడు చూశాను.

సరిగ్గా నాలుగో రోజు, సోమవారం, నేను మోటెల్‌లో సూప్ తాగుతుండగా రోడ్ల శాఖ లారీ వచ్చి మలుపు దగ్గర ఆగింది. ఇద్దరు మనుషులు దిగి నీలం బోర్డు బోల్టులు విప్పడం మొదలెట్టారు. హెల్వి చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. వెనక నేను.

"ఏం చేస్తున్నారయ్యా?"

"బోర్డు తీస్తున్నామమ్మా. ఆర్డరు వచ్చింది." పెద్దవాడు కాగితం చూపించాడు. "హెల్వి కోస్కెలా అనే ఆవిడ అడిగింది. ఛార్జర్ పనిచేయడం లేదట."

"నేనే హెల్విని! అది అప్పటి సంగతి! ఇప్పుడు పనిచేస్తోంది, వెళ్ళి చూసుకో!"

"చూడ్డం మా పని కాదమ్మా. తీయడమే. మ్యాపులోంచి కూడా తీసేశారు చూడండి, కాగితంలో ఉంది. అన్నీ మీరడిగినట్టే."

"మరి మళ్ళీ పెట్టడం?"

"కొత్త దరఖాస్తు పెట్టుకోండి. ఇప్పుడు నేల గడ్డకట్టింది కదా, ఈ స్తంభాలు పీకేస్తే మళ్ళీ గుంతలు మే తరవాతే. పైవాళ్ళు ఒప్పుకుంటేనే అదైనా."

ఈలోపే రెండోవాడు బోర్డు ఊడదీసి లారీలో పడేశాడు. అంతలో పడమటి నుంచి తెల్లకారు ఒకటి చప్పుడు లేకుండా వచ్చి, మలుపు దాటి, మోటెల్ దాటి, తూర్పుకి పోయింది. కరెంటు కారు. ముందు నూట తొంభై కిలోమీటర్ల అడవి. మైనస్ ఇరవై రెండు.

హెల్వి గరిటె నా చేతిలో పెట్టి, మోటెల్ ముందున్న ట్రక్కు దగ్గరికి పరుగెత్తి ఎక్కింది. నేనూ ఎక్కాను. ఇంజిన్ వెచ్చబెట్టే తీగ ప్లగ్గులోంచి తీయడం ఇద్దరికీ గుర్తులేదు. మా వైపు ప్రతివాడూ జన్మలో ఒకసారైనా చేసే తప్పే, ఏడాదంతా వెక్కిరిస్తారు. ఫట్‌మని తెగింది. సగం తీగ రోడ్డు మీద కొట్టుకుంటూ వస్తుండగా హారన్ మోగిస్తూ, దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ తరిమాం. వెనక ఎవరో పిచ్చివాళ్ళు పడ్డారనుకుని కారు ఇంకా వేగం పెంచింది.

"ఆగవే తల్లీ! ఆగు!" అని అద్దం దించి అరుస్తోంది హెల్వి. పదకొండు కిలోమీటర్లు పోయాక, సరస్సు మలుపులో, కారు ఆగింది.

లోపల ఒక యువతి. వెనక సీట్లో రెండేళ్ళ పాప, నిద్రలో. అద్దం వేలెడు మాత్రం దించింది. బ్యాటరీ ముప్పై ఎనిమిది శాతం.

"ఇంకో నూట ఎనభై ఉంది, నీకు చాలదు," అంది హెల్వి ఆయాసపడుతూ. "వెనక్కి తిప్పు. మా ఊళ్ళో ఛార్జర్ ఉంది."

"మీ ఊళ్ళోనా? ఎక్కడా బోర్డు లేదే. మ్యాపులో కూడా లేదు. ఉంటే ఆగేదాన్ని కదా. ఎందుకు పెట్టలేదు?"

హెల్వి పాప వైపు చూసింది. ఆ చిన్న చేతులకి తొడుగులు లేవు.

"పెట్టారమ్మా," అంది. "నేనే తీయించాను."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా అద్దంలో తెల్లకారు వెనకే వస్తోందో లేదో చూసుకుంటూ ఉంది.

మర్నాడు పోస్టాఫీసుకి వచ్చి కొత్త దరఖాస్తు నింపింది. కారణం అన్నచోట 'పనిచేస్తోంది' అని ఒక్కమాట రాసింది. పెన్ను అంత గట్టిగా నొక్కిందేమో, కాగితం చిరిగింది. ముద్ర వేసి, పాత దరఖాస్తులు పోయిన టపా సంచిలోనే వేశాను.

రోడ్డు పక్కన సొంత బోర్డు పాతితే రెండు రోజుల్లో పీకేస్తారు. చేత్తో పట్టుకుని నిలబడితే ఏ నేరమూ కాదని రోజేర్ కనుక్కున్నాడు. అందుకని వారానికి ఐదు రోజులు హెల్వి మధ్యాహ్నం రెండింటి నుంచి చీకటి పడేదాకా మలుపు దగ్గర, 'ఛార్జింగు ఉంది' అని రాసిన అట్ట పట్టుకుని నిలబడుతోంది. బుధవారాలు రోజేర్, గురువారాలు నేను.