లోపలికి వేసిన కుట్లు

మిషనమ్మ నోటికి భయపడని మనిషి ఆ వీధిలో లేడు. జాకెట్టు సరిగ్గా కుదరలేదని ఎవరైనా అంటే చాలు, "నీ ఒళ్ళు నెలనెలా మారిపోతుంటే నా కత్తెరేం చేస్తుందమ్మా?" అని మొహం మీదే అనేసేది. అలాంటి మనిషి మూడేళ్ళ మనవరాలి దగ్గర మాత్రం వెన్నపూస. కూతురు డ్యూటీకి వెళ్ళింది మొదలు, పిల్ల మిషను పక్కనే గుడ్డముక్కల కుప్పలో ఆడుకునేది, అక్కడే నిద్రపోయేది. పక్కనే అమ్మమ్మ దగ్గుతూ కుట్టేది. ఎవరైనా అడిగితే, "ఆఁ, గుడ్డల దుమ్ములే" అని కొట్టిపారేసేది.

కొన్నాళ్ళకి పిల్ల గౌన్లు వదులయ్యాయి. ఎదురింటావిడ ఊరుకుంటుందా? "ఏమిటండీ, పిల్ల పుల్లలా అయిపోయింది! తిండి పెట్టడం లేదా?" అనేసింది. మిషనమ్మకి ఒళ్ళు మండింది. పెట్టకపోవడమేమిటి, అది తింటేగా! ఆ మధ్యాహ్నమే గౌన్లన్నీ తిరగేసి, నడుం దగ్గర లోపలికి ఓ కుట్టు వేసేసింది. మళ్ళీ వదులైతే ఇంకోటి వేసింది. ఎదురింటావిడ నోరు మూతపడింది. చీకటి పడ్డాక ఇల్లు చేరే కూతురికీ అనుమానం రాలేదు. అదీ ఆవిడ పనితనం మరి!

సాయంత్రం పూట వచ్చే జ్వరం ఎంతకీ వదలకపోతే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు తూకం చూశాడు. "తక్కువే ఉంది. మొదట్నుంచీ ఇంతేనా, ఈమధ్య తగ్గిందా?"

"తగ్గలేదండీ. గౌన్లన్నీ ఒంటికి సరిగ్గానే ఉన్నాయిగా," అంది కూతురు.

డాక్టరు మామూలు జ్వరం మందు రాయబోయాడు. నోరు మూసుకుంటే మిషనమ్మ పరువు దక్కుతుంది. మరి పిల్ల? ముందుకొచ్చి పిల్ల గౌను తిరగేసి చూపించింది.

"తగ్గిందండీ. కనపడకుండా నేనే కుట్టేశాను."

కూతురు ఆ కుట్లని ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అడిగాడు డాక్టరు. మిషనమ్మ చెప్పక్కర్లేకపోయింది, ఆ దగ్గే తన్నుకొచ్చింది.

అంత చిన్నపిల్లకి కఫం ఉమ్మడం చేతకాదు కదా. మర్నాడు పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి, మింగేసిన కఫాన్ని కడుపులోంచి తీశారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే మిషనమ్మ తలుపు బయట నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మిషనమ్మ కఫం కూడా పరీక్షించారు. టీబీ అని తేలింది. ఇద్దరికీ. పిల్లకి అంటింది అమ్మమ్మ నుంచే.

"మందు మానకుండా వాడితే నయమైపోతుంది. ఇంకా ఆలస్యమై ఉంటే మెదడుకి పాకేదేమో," అన్నాడు డాక్టరు.

దారి పొడుగునా కూతురు పిల్లని భుజాన వేసుకుని ముందు నడిచింది. "నాలుగు తిట్లు తిట్టవే, నీకు పుణ్యముంటుంది," అంది మిషనమ్మ.

"తిడితే ఏమొస్తుందమ్మా? ఒక్క మాట చెప్పుంటే అప్పుడే చూపించేదాన్ని కదా."

ఆ మాట తిట్లకన్నా ఎక్కువే తగిలింది.

డాక్టరు చెప్పేదాకా పిల్లకి దూరంగా ఉండాలన్నారు. మిషనమ్మ వెనకగదిలోకి మారింది. నీళ్ళలో కరిగించిన మాత్ర కూతురే తాగిస్తోంది. ఓ పొద్దున పిల్ల మూతి తుడుచుకుంటూ వెనకగది గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రావద్దని మిషనమ్మ గాభరాగా చెయ్యి ఊపింది.

"మందంతా తాగేశా అమ్మమ్మా. ఇంక నా మీద కోపం పోయిందా?"

"నీ మీద కాదే తల్లీ" అనబోయింది. అంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. మిషనమ్మ చప్పున గోడవైపు తిరిగిపోయింది.