మా ఆయన కాలే నాకు పలక

మొన్న మా మనవరాలు కాలేజీలో కబడ్డీ ఆడుతూ పడి, కాలికి కట్టుతో ఇంటికొచ్చింది. మర్నాటికల్లా దాని స్నేహితురాళ్లు ఆ కట్టు మీద రంగురంగుల పెన్నులతో పేర్లూ, పువ్వులూ, నవ్వుమొహాలూ గీసేశారు. అది చూసి ఇవేం పిచ్చిరాతలని మా కోడలు కేకలేస్తుంటే నాకు నవ్వాగలేదు. కట్టు మీద రాయడం తామే కనిపెట్టామనుకుంటున్నారు ఈ కాలం పిల్లలు. నా ఈడువాళ్లెవరైనా ఇది చదువుతుంటే నమ్మండి, నమ్మకపోతే మానండి, నేను అక్షరాలు నేర్చుకున్నదే మా ఆయన కాలి పిండికట్టు మీద.

డెబ్భైల నాటి మాట. మా ఆయన తిరువూరులో ఓ మిరపకాయల షావుకారు గోదాములో బస్తాలు మోసేవాడు. నేను పెనుగొలను నుంచి కోడలిగా వచ్చి, అప్పటికి ఇద్దరు ఆడపిల్లల్ని కని, కోతలకీ కలుపులకీ పోయేదాన్ని. మిరప కోతల రోజుల్లో ఎ.కొండూరు వైపు నుంచి బళ్లు వరసకట్టి వస్తుంటే ఘాటుకి బజారు బజారంతా తుమ్మేది. అలాంటి రోజుల్లోనే ఓ పొద్దున లారీకి వేసిన చెక్క జారి, మా ఆయన వీపు మీది బస్తాతో సహా కింద పడ్డాడు. బెజవాడ తీసుకెళ్తే తొడ నుంచి పాదం దాకా తెల్లగా పిండికట్టు వేసి, మూడు నెలలు ఆ కాలు నేలకి ఆనకూడదు, ఎముక వంకరగా అతుక్కుందంటే జన్మంతా కర్రే గతి అన్నారు. బస్తాలు మోసేవాడికి కర్ర వచ్చిందంటే ఇక ఆ ఇంట్లో పొయ్యి సంగతేమిటో వేరే చెప్పాలా?

నేను మెత్తగా ప్రార్థన చేసే మనిషిని కాను. మంచం కోడు పట్టుకుని, ఏంటి ప్రభువా, ఇంత ఊళ్లో నీకు మేమే దొరికామా అని గట్టిగానే అడిగాను. అడిగాక సిగ్గేసి మొక్కుకున్నాను. మా సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం నిలబడి, ముందు బైబిల్లో ఓ కీర్తన చదివి, ఆ తర్వాత సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. చదువు రానివాళ్ల బదులు ఇంకొకరు చదివిపెట్టేవారు. నేను మాత్రం మొండిదాన్ని కదా, ఈయన కర్ర లేకుండా నడిస్తే కీర్తన నేనే చదువుతానన్నాను. అప్పటికి నాకు అ అంటే ఏ మూలుంటుందో తెలియదు.

"కోడినో, గుమ్మడికాయనో మొక్కుకుంటే పోయేదిగా, చదువు మొక్కుకున్నావేంటే? కోడైతే అప్పు తేవచ్చు, చదువెవడిస్తాడే నీకు?" అని మా అత్త నెత్తి కొట్టుకుంది.

ఇచ్చేవాడు మంచం మీదే ఉన్నాడు. మా ఆయన మూడో తరగతి దాకా చదివినవాడు. ఇంట్లో ఉన్న ఒక్క పలకనీ పెద్దపిల్ల బడికి తీసుకుపోయేది. కదలకుండా పడుకుని విసుగెత్తిన మనిషి పొయ్యిలోంచి ఓ బొగ్గుముక్క అందుకుని, గోడకి చేరగిలపడి, తన కట్టు మీదే అక్షరాలు రాయడం మొదలుపెట్టాడు. షావుకారు దయతలచి మిరపకాయలు ఇంటికి పంపిస్తే నేను మంచం కాళ్ల వైపు చాప వేసుకుని తొడిమలు తీసేదాన్ని. మంచానికి ఓ పక్క గోడ, ఇంకో పక్క పిల్లలు, ఇక నాకు ఖాళీ ఉన్నది ఆ కాళ్ల దగ్గరే. ఆయన అటు కూర్చుని రాస్తాడు, నేను ఇటు నుంచి చూసి, వేలితో కట్టు మీదే దిద్ది, ఆ పక్కనే బొగ్గుతో రాస్తాను. అచ్చు గుద్దినట్టు రాశావే అని ఆయన మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. కట్టు నిండాక తడిబట్ట పెట్టి తుడవబోతే, తడి తగిలితే కట్టు మెత్తబడుతుందని అరిచేవాడు, అందుకని పొడిబట్టతోనే దులిపేదాన్ని. ఒకసారి కట్టు లోపల దురద పుట్టిందని గోల చేస్తే, కొబ్బరి ఈనె లోపలికి దూర్చి గోకాను. చేతికీ ఈనెకీ మిరప ఘాటు ఉందన్న సంగతి మర్చిపోయాను. ఆ పూట ఆయన అరుపులకి వీధి వీధంతా మా ఇంటి ముందుంది.

నవ్వుతున్నాను గానీ, తొడిమల కూలి పిల్లల పాలకే సరిపోయేది కాదు. మూడో వారంలో రెండు పూటలు వరసగా జావే తాగాం. మా సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. వాటిని వేలంపాట పెట్టి, వచ్చిన డబ్బు పాస్టరు గారి జీతానికి ఇచ్చేవారు. ఆ వారం పాస్టరమ్మ గారు ఆ బియ్యం పాట పెట్టనివ్వకుండా, గోనెసంచిలో పోయించి మా ఇంటికి మోయించుకొచ్చింది. తమ జీతం సంచే మా గుమ్మంలో దింపిందన్నమాట. వద్దంటే నా మీద కేకలేసింది. "నీ పిడికెడు కూడా ఇందులో ఉందిగా, ఏరుకుంటావా? ఏరుకో, మిగతావి నేను పట్టుకుపోతాను" అంది. సంచి లోపలికి లాక్కున్నాను.

ఏరగలమా? నలభై ఇళ్ల బియ్యం! సన్నవీ, దొడ్డువీ, ఎర్రవీ, నూకలూ, పాతవీ, కొత్తవీ కలగలిసిపోయాయి. ఎసట్లో పోస్తే సగం జావ, సగం పలుకు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందన్నారు పెద్దలు. ఇందులో ఏ ఇంటి మెతుకు పట్టుకోనే?" అని మా అత్త గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అలాంటి అన్నం నేను మళ్లీ ఎప్పుడూ తినలేదు, అంత రుచైన అన్నమూ తినలేదు. వారం వారం సంచి వస్తూనే ఉంది. ముందు పిడికెడు తీసి ముంతలో వేశాకే మేం ఎసరు పెట్టుకున్నాం.

మూడు నెలలకి కట్టు కోయించడానికి వెళ్తే, కత్తెర పట్టుకున్న కాంపౌండరు ఆ బొగ్గు రాతలు చూసి, ఇదేంటయ్యా, కాలికి బారసాల చేశారా అన్నాడు. కట్టు విడిపోయాక లోపలి కాలు కందికట్టెలా ఉంది. ఆయన నా భుజం పట్టుకుని పాదం నేల మీద పెట్టాడు, రెండోది పెట్టాడు, తర్వాత నా భుజం వదిలేశాడు. మా అత్త అక్కడే, ఆ ఆసుపత్రి వరండాలోనే, స్తోత్రమని కేకేస్తే నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

ఇక మొక్కుబడి తీర్చాలి. ఆదివారం గుడి నిండింది. మా ఆయన తన కాళ్ల మీద నడిచొచ్చి మగవాళ్ల వైపు కూర్చున్నాడు. నేను లేచి బైబిలు అందుకుని, నాకు తెలిసినట్టు సరిగ్గా పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గుడంతా నవ్వింది. పాస్టరు గారు నెమ్మదిగా వచ్చి, పుస్తకం తలకిందులుగా ఉందమ్మా అని తిప్పి పెట్టారు. తిప్పితే నాకు ఒక్క అక్షరం అంతుపట్టితే ఒట్టు! మళ్లీ నా వైపుకి తిప్పుకున్నాను. బట్టీ పట్టి వచ్చానేమోనని ఆయనకి అనుమానం తగిలి, ఇంకో చోట తీసి ఇచ్చారు. అదీ తలకిందులుగానే పట్టుకుని కూడబలుక్కుంటూ మొదటి వచనం చదివేశాను. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు మా ఆయన లేచి, "అయ్యగారూ, తప్పు నాదండీ. నేను నా వైపు నుంచి రాశాను, అది దాని వైపు నుంచి నేర్చుకుంది. కాలు నాదాయె, తిరిగి పడుకోలేను కదండీ!" అన్నాడు. పాస్టరు గారు నవ్వాపుకోలేక ముందున్న ప్రసంగం బల్ల పట్టుకున్నారు. కళ్లు తుడుచుకుని, అట్లాగే చదువమ్మా, దేవుడికి ఏ వైపు నుంచైనా తెలుస్తుందన్నారు.

పన్నెండు వచనాలు. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగాను, చెమటతో వేళ్లు జారుతుంటే కొంగుకి తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చిన ఆడవాళ్లు కూడా లేవలేదు. ఎవరూ మాట అందివ్వలేదు, తొందరపెట్టలేదు. చివరి మాట పలికాక గుడంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నాకు బాగా గుర్తు.

తర్వాత మెల్లగా తిన్నగా చదవడమూ వచ్చింది. మా ఆయన మరో ముప్ఫై ఏళ్లు బస్తాలు మోశాడు, పోయేదాకా కర్ర ముట్టలేదు. ఇప్పుడు మా గుడికి పాలరాతి నేల, మైకులు, గోడ మీద వెలిగే తెర వచ్చాయి. వచనం దాని మీద పడుతుంది, పిల్లలు గడగడా చదివేస్తారు, నేను కళ్లజోడు తుడిచి పెట్టుకునేలోపు ఇంకో వచనం వచ్చేస్తుంది. చదువు రాని ఆడపిల్ల మా పేటలో ఒక్కతీ లేదు, నా కళ్లతో అది చూడగలిగినందుకు స్తోత్రం. కానీ ఒకరి కోసం ఆగడం ఎక్కడ పోయిందో తెలియదు. ఒక కూలిమనిషి ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే తమ గిన్నెలు మాడిపోతున్నా కదలకుండా కూర్చున్న ఆ మనుషుల్లో ఇప్పుడు నలుగురే మిగిలారు. వాళ్ల ముందు నిలబడి ఇంకొక్కసారి అంత నెమ్మదిగా చదవాలని ఉంది.