మావయ్యకు నచ్చని ప్లేయర్లు

మా మావయ్య బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్కు. రెండొందల మిషన్లు ఒకేసారి మోగే హాలు గుమ్మంలో ఓ నిమిషం నిలబడి, "నాలుగో వరస, కిటికీ పక్కది. హుక్కు అరిగింది," అంటాడు. వెళ్ళి చూస్తే అరిగే ఉంటుంది. అనుమానం తీరకపోతే స్క్రూడ్రైవరు మొన మిషనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అందుకే అక్కడ ఆయన్ని అందరూ స్టెతస్కోపు అంటారు. ఇంట్లో మాత్రం అత్తయ్య మూడోసారి పిలిస్తే గానీ పలకడు. ఈ జబ్బు చాలామంది మొగుళ్ళకి ఉన్నదే కాబట్టి నేను పట్టించుకోను.

అత్తయ్య ఉద్యోగం ఆసుపత్రిలో, చీటీల కిటికీ దగ్గర. రోజుకి వందల పేర్లు గట్టిగా పిలవాలి. పాతికేళ్ళు పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుతోనే ఇంటికి ఎవరొచ్చినా ఒక సంగతి చెప్పనిదే వదలదు. కాలేజీలో ఎనిమిది మంది అమ్మాయిలు కలిసి పాడిన పాటని టేపు చేశారట. అందులో రెండో చరణం, మూడో లైను తనొక్కతే పాడిందట. "అవునత్తయ్యా, మిగతా ఏడుగురూ నీకు భయపడి నోరు మూసుకుని ఉంటారు," అని నేనే ఒకసారి ఏడిపించాను. ఆవిడ నవ్వింది గానీ ఆ రోజంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ పాట నేర్పిన మాస్టారి కూతురు, ఇల్లు సర్దుతుంటే దొరికిన ఆ టేపుని సీడీ చేయించి ఎనిమిది మందికీ పంపింది. నా కంప్యూటర్లో పెట్టి విన్నాం. దాని స్పీకర్లు నా బొటనవేలంత ఉంటాయి. ఎనిమిది గొంతులూ ఒకే ముద్దగా వచ్చాయి. మూడో లైను ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కూడా తెలియలేదు. అత్తయ్య మొహం చిన్నబోయింది.

"ఈ డబ్బాలో ఏం తెలుస్తుంది? మంచి సెట్టు మీద వింటే తెలుస్తుంది. అప్పుడు చెబుతాను మీ అందరి పని," అంది.

"కొందాం," అన్నాడు మావయ్య. కొత్త చొక్కా కొనుక్కోమంటే ఆరు నెలలు ఆలోచించే మనిషి! స్కూటరు నాది కాబట్టి నా ఆదివారాలు గంగలో కలిశాయి. అత్తయ్యని రమ్మంటే, సెట్టు ఇంటికొచ్చాకే వింటానంది.

మొదటి షాపులో ముందుగా ఎర్రదీపాలు వెలిగే ఒక పెద్ద పెట్టె చూపించారు. అన్నీ అందులోనే ఉన్నాయట. పాట పెడితే కింద నేల అదిరింది.

"మోత వద్దు బాబూ. మనిషి గొంతు వినపడాలి," అన్నాడు మావయ్య.

అప్పుడు సేల్స్‌మన్ లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ అన్నీ విడివిడిగా ఉన్నాయి. ప్లేయరు డిస్కుని చదువుతుందనీ, ఆంప్లిఫయరు దానికి బలమిస్తుందనీ, చివరికి పాడేది మాత్రం స్పీకర్లేననీ, వాటి దగ్గర పీనాసితనం పనికిరాదనీ చెప్పాడు. మావయ్య జేబురుమాలులో చుట్టి తెచ్చిన సీడీ తీసిచ్చాడు. రెండో చరణం వచ్చింది. మూడో లైను దగ్గర ఏడు గొంతులు తప్పుకున్నాయి. ఒక్క అమ్మాయి గొంతు, సన్నగా, నదురూ బెదురూ లేకుండా పైకి లేచింది.

"మావయ్యా! అత్తయ్య చెప్పింది నిజమే!"

ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అదే లైను మరో మూడుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత సీడీ రుమాల్లో చుట్టుకుని, "ఇది వద్దులే," అన్నాడు.

"ఎందుకు వద్దు? శుభ్రంగా వినిపిస్తుంటే!"

"గొంతు సరిగ్గా రావట్లేదమ్మాయ్. ఇంట్లో ఏం చెప్పకు. తనే వినాలి."

రెండో ఆదివారం ఇంకో షాపు. గొంతు పల్చబడిందన్నాడు. మూడో ఆదివారం మరో షాపులో ప్లేయరు మార్పించాడు, స్పీకర్లు మార్పించాడు, వాటిని గోడకి జానెడు ముందుకి జరిపించాడు. మూలలో పెట్టిన స్పీకరు కుండలో మాట్లాడినట్టు మోగుతుందనీ, రెండు స్పీకర్లకీ మనకీ మధ్య దూరం సమానంగా ఉండాలనీ ఆ రోజే తెలిసింది. ముక్కుతో పాడినట్టుందన్నాడు. మమ్మల్ని చూసి ఒక సేల్స్‌మన్ టీకని వెళ్ళి మళ్ళీ రాలేదు. నాకు ఒళ్ళు మండింది. అయితే కోపం కంటే కుతూహలమే ఎక్కువైంది. రెండొందల మిషన్లలో ఒక్క హుక్కు అరగడం వినపడే చెవి అది. నాకు వినపడనిది ఆయనకి ఏం వినపడుతోంది?

ఇంటికొస్తే అత్తయ్య గుమ్మంలోనే, "దొరికిందా?" అనేది. సెట్టు పెట్టడానికి అప్పటికే ఒక అలమారా ఖాళీ చేసి, తుడిచి ఉంచింది.

నాలుగో ఆదివారం పాత సెట్లు బాగుచేసి అమ్మే పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఇద్దరు పట్టాల్సినంత బరువున్న ప్లేయరు మీద సీడీ పెట్టి, మూడు జతల స్పీకర్లు మార్చి మార్చి వినిపించాడు. నేనైతే ఆ అమ్మాయి ఊపిరి పీల్చడం కూడా విన్నాను.

"ఇంతకంటే మంచిది లేదా?" అన్నాడు మావయ్య.

"అయ్యా, మంచి సెట్టు డిస్కులో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. లేనిది చెప్పమంటే ఏ సెట్టు చెబుతుంది?"

మావయ్య సీడీని రుమాల్లో చుట్టుకున్నాడు. చివరికి, "సరే, ఇదే కట్టివ్వండి," అన్నాడు.

సాయంత్రం నేను ఎర్ర తీగ ఎర్రదాంట్లో, తెల్లది తెల్లదాంట్లో పెట్టి, స్పీకర్లు జరిపి, అత్తయ్యకి కుర్చీ వేశాను. ఇంతలో మావయ్య ప్లేయరు మూత విప్పి, మిషను నూనె ఒక చుక్క వేశాడు. కదిలే మిషను ఏదైనా సరే, నూనె చుక్క పడకుండా ఆయన చేతిలోంచి వెళ్ళదు. ఆ నూనె కాస్తా డిస్కుని చదివే చిన్న అద్దం మీదికి పాకింది. పాట ఎక్కిళ్ళు పెట్టి, రెండో చరణం దగ్గర ఆగిపోయింది.

ఫోన్లో పెద్దాయన, "నూనె వేశారా? సీడీ ప్లేయర్లోనా?" అని అరిచిన అరుపు మా ముగ్గురికీ వినపడింది. ఆయన చెప్పినట్టే మావయ్య పుల్లకి దూది చుట్టి, స్పిరిట్టు అద్ది, అద్దం తుడిచాడు. సీడీ మీద పడిన తుంపరని అత్తయ్య మెత్తటి గుడ్డతో, మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడిచింది.

మళ్ళీ పెట్టాం. ఈసారి పాట ఆగలేదు. మూడో లైను వచ్చింది, పోయింది. నేను గెలిచినంత సంబరంగా అత్తయ్య వైపు తిరిగాను.

"ఇది నేను కాదే," అంది అత్తయ్య.

పాట అయిపోయాక తనే చెప్పింది.

"ప్రాక్టీసు రెండు నెలలూ నేనే పాడాను. టేపు చేసే రోజుకి గొంతు పట్టేసింది. నా పక్కమ్మాయి చేత పాడించారు." చేతిలో గుడ్డని మడత పెడుతూనే ఉంది. "ఎప్పుడు మర్చిపోయానో! ముప్ఫై ఏళ్ళుగా అందరికీ అబద్ధం చెబుతున్నాను."

తర్వాత మావయ్య వైపు చూసింది. "పెళ్ళయిన కొత్తలో నేను పాడేదాన్ని. మీరు విన్నారు. ఇది నా గొంతు కాదని మీకు ముందే తెలిసుండాలే?"

"మొదటి షాపులోనే తెలిసింది."

"అందుకని నూనె పోశారా?"

"అయ్యో, అది అలవాటులో పడిపోయిందే!"

"మరి నెల్లాళ్ళు ఈ పిల్లని వేసుకుని షాపులన్నీ ఎందుకు తిరిగినట్టు?"

మావయ్య తల వంచుకున్నాడు. "ఒక్కో సెట్టులో ఒక్కోలా వినపడుతోంది కదా. ఏదో ఒకదాంట్లో నువ్వు దొరుకుతావేమోనని."

అప్పుడొచ్చింది అత్తయ్యకి ఏడుపు.