చేపల పేటకి ఎగువ గేటు

గోదావరి పొంగితే ఊరంతా రేవుకి వెళ్ళి నీళ్ళు చూసొస్తుంది. ఆ ముచ్చట నాకు లేదు. నేను మున్సిపాలిటీలో డ్రైనేజీ ఇంజనీరుని.

వరదొచ్చిందంటే నది వైపు తూము మూసేస్తాం, ఏరు ఊళ్ళోకి తన్నకుండా. మరి ఊరి మురుగు ఎక్కడికి పోతుంది? వదిలేస్తే గట్టు కింద పల్లంలో ఉన్న చేపల పేటని ముంచుతుంది. అందుకే పేటకి ఎగువన, మురుగుకాలువకి అడ్డంగా ఇంకో గేటుంది. తూము మూసినన్నాళ్ళూ అదీ మూసే ఉండాలి. ఎగువ వీధులు మురుగుని తలా కాస్త భరించాలి. ఆ నియమం రాసింది నేనే. ఎగువ వీధుల్లో చిట్టచివరిది, గేటుని ఆనుకుని ఉన్నది మాది.

ఒక ఏడాది వరదకి మురుగు మా బాత్‌రూమ్‌లోంచి పైకి తన్నింది. వీధిలో మోకాలి లోతు. మా ఆవిడ ఎత్తిపోసి ఎత్తిపోసి విసిగిపోయింది. మా అమ్మకి మడి. స్నానం చేసి దీపం పెట్టందే మెతుకు ముట్టదు. ఆపైన షుగరు. స్నానానికి చోటేదీ? పడవ తెప్పించి మెరక మీద ఎవరింటికైనా తీసుకెళ్తానంటే, ఆ నీళ్ళలోంచి రానంది. బతిమాలాను, కోప్పడ్డాను. గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఎదురింటి మాస్టారు అరుగు మీంచి పిలిచారు.

“గేటు ఒక్క జానెడు ఎత్తించండి. మీ చేతిలో పనే కదండీ. పెద్దావిడ కోసమైనా.”

ఒళ్ళు మండింది. రాత్రంతా నేను అనుకున్నదీ అదే మరి. గేటు దాకా వెళ్ళాను. కింద పేటలో అప్పటికే చేరిన వాననీళ్ళలో ఇటుకలు పేర్చి, పొయ్యిలు ఎత్తున పెట్టుకుని వండుకుంటున్నారు. ఎవరో పలకరిస్తే తల తిప్పుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి, తిండిలేక షుగరు పడిపోయి అమ్మ చేతులు వణుకుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. గేటు తీయిస్తానన్నాను.

“తీస్తే ఆ నీళ్ళెక్కడికి పోతాయిరా?” అంది.

“చేపల పేటలోకి.”

అమ్మ దేవుడి అలమర తలుపు మూసి రమ్మంది. మూశాను. గడియ కూడా పెట్టమంది. పెట్టాక మెల్లగా లేచి కూర్చుని, మా ఆవిణ్ణి కేకేసింది.

“అమ్మాయ్, అన్నముంటే పెట్టు.”

పాచి ఒంటితోనే తింది, తలెత్తకుండా.